బాణం గుర్తు

మెట్‌పల్లి,
14 జూన్ 2022

ప్రియమైన సదానందం కాకకు,

నూరీన్ సలాములు. ముప్పై ఏళ్లు బోరు మిషన్ పక్కన నిలబడిన నీ చెవులతో ఫోన్‌లో మాట్లాడటం నా వల్ల కాదు. "ఆఁ, ఎవలు?" అని నువ్వు, "నేను కాకా" అని నేను అరిచేసరికి మా గల్లీ అంతా బయటికొచ్చి చూస్తుంది. అందుకే కాగితం పట్టాను. మనం కొలిచేదీ ఉత్తరమే, రాసుకునేదీ ఉత్తరమే అని ల్యాబ్‌లో నువ్వే కదా నవ్వించేవాడివి.

నువ్వు మార్చిలో పని మానేసి నస్పూర్ వెళ్లినప్పటి నుంచి కరీంనగర్ ల్యాబ్‌లో రంపం గది బోసిపోయింది. కొత్తగా వచ్చినతను సముద్రపు రాయిని సొరకాయ తరిగినట్టు తరుగుతున్నాడు. రమ రోజూ నిన్ను తలచుకుంటుంది. ఆమె థీసిస్ ఇంకా నడుస్తోంది, నాది ఇచ్చేశాను. అమ్మ అప్పుడే వాడంతా "మా బిడ్డ డాక్టరయింది" అని చెప్పుకొచ్చింది. నిన్న పక్కింటామె మోకాళ్ల నొప్పికి గోలీలు రాయించుకోవడానికి వచ్చింది.

కాకా, ఒక చిన్న చిక్కు వచ్చింది. నా థీసిస్ అంతా నిలబడింది ఆ ముప్పై రెండు ముక్కల మీద. హిందూ మహాసముద్రం అడుగున ఒకే బోరులోంచి తీసిన నల్ల బసాల్ట్ ముక్కలు. నేను కొలిచినప్పుడు వాటిలోని అయస్కాంతం తలకిందులుగా వచ్చింది. అంటే ఆ లావా చల్లారిన కాలంలో భూమికి ఉత్తరం దక్షిణాన ఉండేదన్నమాట. ఆ వయసు రాయిలో అలా రాకూడదు, వచ్చింది కాబట్టే అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడేమో అదే బోరులో మన ముక్కల పక్క ముక్కలు విదేశంలో కొలిస్తే అన్నీ మామూలుగానే ఉన్నాయట. ఒకే లావాలో ఒక ముక్క ఇటు, దాని పక్క ముక్క అటు చూడవు కదా.

రాయికి ఏది పైవైపో చెప్పే బాణం గుర్తు తిరగబడినా ఇలాగే వస్తుంది. మీ బొగ్గు బోర్లలో బాణం మొన బోరు అడుగు వైపు పెట్టేవాళ్లమని నువ్వు చెప్పేవాడివి. మన ల్యాబ్‌లో మొన పైకి ఉండాలి. నా ముక్కల మీద ఎటు పెట్టావో గుర్తుందా కాకా? ఊరికే అడుగుతున్నాను. పరేషాన్ కాకు.

కనకవ్వ చిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ బిడ్డ
నూరీన్


నస్పూర్,
22 జూన్ 2022

ప్రియమైన బిడ్డ నూరీన్‌కు,

కాక దీవెనలు. పోస్ట్‌మన్ నీ ఉత్తరం చేతికిచ్చి, "గీ కాలంల గూడ నీకు చిట్టీలు రాసేటోళ్లున్నరా?" అన్నాడు. "మా డాక్టర్ బిడ్డ రాసింది" అన్నాను. గోలీలు రాయించుకునేవాళ్లు ఇక్కడ కూడా తయారవుతారు, చూసుకో.

బాణం సంగతి అడిగావు. దాచడం దేనికి, ఇరవై తొమ్మిదేళ్లు మొన కిందికి గీసిన చెయ్యి ఇది. ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు పదకొండు ముక్కలకు అలవాటు కొద్దీ అలాగే గీశాను. రమ చూసి, "కాకా, గిట్ల పెడితే సముద్రమే బోర్ల పడ్తది" అని నవ్వింది. ఆ పూటే పదకొండూ థిన్నర్‌తో తుడిచి మళ్లీ గీశాను. నువ్వూ అక్కడే చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డావు. ఆ తర్వాత ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఓడ నుంచి వచ్చే గొట్టానికి పై కొసన నీలం మూత, కింది కొసన తెల్ల మూత ఉంటాయి. నీలం మూతను ఎడమ చేతి వైపే పెట్టుకుని, ముక్క బయటికి తీసీ తీయగానే మొన అటు గీసేవాణ్ణి. చాయ్‌కి పిలిచినా గీత పూర్తి కానిదే లేచేవాణ్ణి కాదు.

నువ్వు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ ముప్పై రెండూ కొలిచే మిషన్‌కు ముక్కలు పెట్టే కొత్త ట్రే వచ్చిన వారంలో కొలిచినవే కదా? పాత ట్రేలో బాణం మొన మిషన్ నోటి వైపు పెట్టాలి. కొత్తదాంట్లో అటుది ఇటు అయిందని రమ తన ముక్కలన్నీ రెండోసారి కొలుచుకుంది. నువ్వు కొలుచుకున్నావా? మీ నాన్న ఫజలుద్దీన్ సాబ్‌కు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడ్డ వారం అది. నువ్వు తిండి లేకుండా అటూ ఇటూ తిరగడం నేను చూశాను.

తప్పులు మనుషులు కాక గొడ్లు చేస్తాయా బిడ్డా. ట్రేలో తిరగబడితే తిరగబడిందని చెప్పెయ్. ఫికర్ చేయకు.

నీ కాక
సదానందం


మెట్‌పల్లి,
3 జూలై 2022

ప్రియమైన కాకకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఏడ్చాను.

ట్రేలో ఎటు పెట్టానో నాకు గుర్తు లేదు. నిజంగా లేదు. ఆ వారంలో ఏం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో కూడా గుర్తు లేదు. మళ్లీ కొలుద్దామంటే దారి లేదని నీకు తెలుసు. ముక్కల్ని కొలిమిలో పెట్టి, మెట్టు మెట్టుగా వేడి చేసి కొలుస్తాం. చివరి మెట్టుకు వచ్చేసరికి రాయిలో ఉన్న అయస్కాంతం మొత్తం చెరిగిపోతుంది. ఆ ముప్పై రెండూ ఇప్పుడు ఉత్త రాళ్లు. తప్పు బాణానిదో ట్రేదో ఇక ఏ రాయీ చెప్పదు.

నా థీసిస్ పరిశీలించే కమిటీ వాళ్లు ఏమంటున్నారో చెబుతాను. కొలతలో తప్పంటే నేను కావాలని అంకెలు కల్పించానని రాస్తారు. పట్టా రద్దవుతుంది. బాణం గుర్తులో తప్పంటే అది పనివాడి పొరపాటు కిందికి వస్తుంది. అంకెల్ని తిప్పి రాసి మళ్లీ ఇస్తే సరిపోతుంది. ఆదిలాబాద్‌లో ఒక కాలేజీలో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆగస్టులోగా పట్టా చూపించాలి. నాన్న మాట ఇంకా తేటగా రావడం లేదు. వచ్చే నాలుగు మాటల్లో ఒకటి నా ఉద్యోగం గురించే.

ఒక కాగితం టైపు చేసి ఇందులో పెట్టాను. కింద సంతకం చేస్తే చాలు. పాత అలవాటు వల్ల బాణాలు తిరగేసి పెట్టానని అందులో ఉంది. నిన్ను ఎవరూ ఏమీ అనరు. పని మానేశావు, ఇంట్లో ఉన్నావు, నీకు పోయేదేముంది కాకా? నాకు మాత్రం అంతా పోతుంది.

ఇలా అడిగినందుకు నా మీద కోపం వస్తే నాలుగు తిట్టు. కానీ సంతకం పెట్టు.

నీ బిడ్డ
నూరీన్


నస్పూర్,
15 జూలై 2022

ప్రియమైన బిడ్డకు,

సంతకం పెట్టి పంపుతున్నాను.

పది రోజులు ఆలస్యమైంది, ఎందుకంటే ఇంట్లో యుద్ధం. మీ చిన్నమ్మ కాగితం లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. "చెయ్యని తప్పు నెత్తినేసుకునుడు ఏం పుణ్యం? గా పిల్ల నీకు చుట్టమా, పక్కమా?" అని అడిగింది. ఆమెకు నేను చెప్పలేకపోయింది నీకు రాస్తాను.

బొగ్గు బోరులో రాయి అంటే చెత్త. బొగ్గు తగిలేదాకా అడ్డం వచ్చేది, తీసి పక్కన పడేసేది. నువ్వు ల్యాబ్‌లో ఒకరోజు రంపం ఆపించి, నా అరచేతిలో నల్ల ముక్క పెట్టి కూర్చోబెట్టావు. సముద్రం అడుగున నేల చీలి లావా పైకి వస్తుందని, నీళ్లు తగిలి చల్లారేటప్పుడు అందులోని సన్నటి ఇనుప రేణువులన్నీ ఆనాటి ఉత్తరానికి మొహం తిప్పి అలాగే గట్టిపడతాయని చెప్పావు. భూమి ఉత్తరం ఎన్నోసార్లు అటుది ఇటైందని, అందుకే సముద్రపు నేల మీద ఇటు చూసే రాళ్లు ఒక పట్టీ, అటు చూసే రాళ్లు ఒక పట్టీ, జంపఖానా చారల్లా పరిచి ఉంటాయని కాగితం మీద గీసి చూపించావు. అప్పటికి ల్యాబ్‌లో చేరి ఏడాది. అంతవరకు నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. "గిది కొయ్యి, గది కొయ్యి" అనడమే.

ఆ రోజు నుంచి బాణం గీసేటప్పుడు నాకు భయం పట్టుకుంది. కోట్ల ఏళ్లు మాట మార్చని రాయి, నా చెయ్యి తిరిగితే అబద్ధమాడుతుంది కదా అని. అందుకే తప్పలేదు. అయినా తప్పానని రాసిన కాగితం మీద సంతకం పెడుతున్నాను. నీ చదువు నాకు తెలుసు కాబట్టి పెడుతున్నాను.

కాగితంలో "అజ్ఞానం వల్ల" అని ఒక మాట ఉంది. అది కొట్టేద్దామనుకున్నాను. కొట్టివేతలుంటే చెల్లదంటారేమోనని వదిలేశాను.

ఉద్యోగంలో చేరగానే రాయి.

నీ కాక
సదానందం


ఆదిలాబాద్,
6 ఫిబ్రవరి 2023

ప్రియమైన కాకకు,

ఇన్ని నెలలు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. పట్టా వచ్చింది, ఉద్యోగంలో చేరాను, గది దొరికింది, పాఠాలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి తరుముకొచ్చాయి. ఇక్కడి చలికి మన కరీంనగర్ స్వెటర్లు ఆనవు. పిల్లలు మంచివాళ్లు. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తారు, నేను మధ్యలో తప్పిపోతాను.

కాలేజీ వెనక గుట్టంతా నల్ల రాయే కాకా. ఇదీ బసాల్టే, కాకపోతే నేల మీద పారిన లావా. దిక్సూచి దగ్గర పెడితే కొన్నిచోట్ల ముల్లు ఊగిపోతుంది. పిల్లలు దయ్యం ఉందంటారు. నువ్వు చూస్తే బాగుండు.

అమ్మా నాన్నా ఇప్పుడు నా దగ్గరే ఉన్నారు. నాన్న చేతికర్రతో గుమ్మం దాకా నడుస్తున్నాడు.

నీ కాగితం చాలా పనికొచ్చింది. మీటింగ్‌లో చదివి వినిపించారట. "బొగ్గు బాయి అలవాటు" అని డైరెక్టర్ సారు నవ్వారట. నువ్వు మనసుకు తీసుకోకు. నువ్వు గుర్తులు పెట్టిన రాళ్ల పెట్టెలన్నీ ఒకసారి చూడాలని కూడా అనుకున్నారట. అవన్నీ మీటింగ్ మాటలే, మీటింగ్‌లోనే పోతాయి.

ఎండాకాలం సెలవుల్లో నస్పూర్ వస్తాను. చిన్నమ్మ చేతి సర్వపిండి తినాలి. ఆమె కోపం అప్పటికి చల్లారుతుందా?

నీ బిడ్డ
నూరీన్


నస్పూర్,
20 ఆగస్టు 2023

ప్రియమైన నూరీన్ బిడ్డకు,

ఎండాకాలం పోయింది, వానాకాలం సగమైంది. నువ్వు రాలేదు. నీ పనులు నీకుంటాయి. నువ్వు రాలేదని కాదు ఈ ఉత్తరం. రమ వచ్చింది.

మొన్న ఆదివారం కరీంనగర్ నుంచి బస్సులో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడింది. నేను ఆరేళ్లలో గుర్తులు పెట్టిన పెట్టెలు నాలుగు వందల పన్నెండు. అన్నింటికీ "గుర్తులు నమ్మదగినవి కావు" అని ఎర్ర చీటీలు అంటించారట. వచ్చే నెలాఖరుకు పారబోసి షెడ్డు ఖాళీ చేస్తారట. రమ ఐదేళ్లుగా కొలుస్తున్నవి ఆ పెట్టెల్లోని రాళ్లే. ఆమె థీసిస్ ఆపేశారు.

"కాకా, గా కాయితం ఎందుకు రాసినవ్? మొదటి రోజు తప్పు నేను దిద్దలేదా? గా పదకొండు నా కండ్ల ముందట తుడవలేదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. వినబడనట్టు కూర్చున్నాను. నా చెవుడు నాకు అక్కరకు రావడం అదే మొదటిసారి.

నాకు పోయేదేముందని అడిగావు. నాకూ ఏమీ కనబడలేదు అప్పుడు. నా పేరు ఒక్కటే పోతుందనుకున్నాను. నేను గీసిన ప్రతి గీతా పోతుందని, ఆ గీతల్ని నమ్ముకున్నవాళ్లూ పోతారని తట్టలేదు. ఆ తెలివితక్కువతనం మాత్రం నాదే.

ఇప్పుడు నువ్వొక్క ఉత్తరం రాయి. బాణాలు సరిగ్గానే ఉన్నాయి, ట్రేలో నేనే తిరగేశాను అని రాయి. కమిటీ ముందుకు రమ్మంటే నేనూ వస్తాను, నీ పక్కన నిలబడతాను. చదువుకున్నదానివి, దిద్దుకోవడానికి నీకు నూరు దారులుంటాయి. రమకు ఇది ఒక్కటే దారి.

ఇంకొక్క మాట అడుగుతాను. నాకు ఆ కాగితం పంపిన రోజు, తప్పు ట్రేలోనే జరిగిందని నీకు తెలుసా? తెలుసు, లేదు, ఏదో ఒకటి రాయి.

నీ కాక
సదానందం


ఆదిలాబాద్,
4 సెప్టెంబర్ 2023

గౌరవనీయులైన సదానందం గారికి,

నమస్కారం. మీ లేఖ అందింది.

బాణం గుర్తుల విషయంలో మీరు 15-7-2022న స్వయంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా సంతకం చేసిన ప్రకటన కార్యాలయ రికార్డులో ఉంది. దానికి భిన్నంగా నేను చెప్పగలిగింది, రాయగలిగింది ఏమీ లేదు. రమ గారి పరిశోధన ఆగిపోవడం బాధాకరం. అది పూర్తిగా కార్యాలయం తీసుకున్న నిర్ణయం.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాన్నగారి ఆరోగ్యం కూడా మీకు తెలియనిది కాదు. దయచేసి ఇకపై ఇంటికి గానీ కాలేజీకి గానీ ఉత్తరాలు రాయవద్దని మనవి.

భవదీయురాలు
డా. నూరీన్

చిన్నమ్మకు సలాం చెప్పండి.


నస్పూర్,
25 సెప్టెంబర్ 2023

నూరీన్‌కు,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తాను.

ఇరవయ్యో తారీఖు రమతో కరీంనగర్ ల్యాబ్‌కు వెళ్లాను. డైరెక్టర్ సారు గుమ్మం దగ్గర రెండు గంటలు నిలబెట్టి, తర్వాత పది నిమిషాలు ఇచ్చాడు. షెడ్డులోంచి పది పెట్టెలు తెప్పించమన్నాను. ఏ రాయీ చెప్పదని నువ్వు రాశావు. అయస్కాంతం సంగతి నువ్వు నాకు నేర్పావు గానీ, రాయిని కోసింది నేను. లావా గట్టిపడేటప్పుడు లోపల గాలి బుడగలు చిక్కుకుంటాయి. తర్వాత ఆ గుంటల్లోకి తెల్లటి ఖనిజం దిగుతుంది. కొన్నింటిలో సగం వరకే దిగి ఆగిపోతుంది, సగం నిండిన లోటాలో నీళ్లు నిలిచినట్టు. తెల్లది ఎటుంటే అది అడుగు. అన్ని ముక్కల్లో దొరకదు. ఆ పది నిమిషాలు సాయంత్రం దాకా సాగాయి. వెతికితే పది పెట్టెల్లో నలభై ఒక్క ముక్కల్లో దొరికింది. ఆ నలభై ఒక్క ముక్కల్లోనూ నా బాణం మొన పైకే ఉంది. నీ ముప్పై రెండు ముక్కలు తరిగాక మిగిలిన చెక్కలు కూడా వాటిలో ఉన్నాయి. వాటి మీద కూడా పైకే ఉంది.

సారు భూతద్దం పక్కన పెట్టి, "మరి గీ కాయితం ఎందుకు రాసినవయ్యా?" అని అడిగాడు.

నా కాగితం చూపించడానికి గుమస్తా ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు. నాకు చెవులు వినబడవని తెలుసు, చదవడం వచ్చని అతనికి తెలియదనుకుంటాను. నా కాగితం కింద నీ కాగితం ఉంది. బాణాలన్నీ పనివాడు తిరగేసి పెట్టాడు, అతను ఒప్పుకున్నాడు అని నువ్వు రాసిచ్చిన కాగితం. తారీఖు మే 30. నువ్వు నాకు "ఊరికే అడుగుతున్నాను, పరేషాన్ కాకు" అని రాసింది జూన్ 14న. అంటే నన్ను అడగకముందే నేను ఒప్పుకున్నాను.

దాని కింద కమిటీ జవాబు ఉంది. జూన్ 8. పనివాడే తప్పు చేశాడంటే అతని చేత రాయించి సంతకం తెమ్మన్నారు. లేదా తప్పు కొలతలోనే జరిగి ఉంటే ఆరు నెలల్లో దిద్ది మళ్లీ ఇవ్వవచ్చు, పట్టాకు ఏ ఆటంకమూ ఉండదు అని రాశారు. రద్దు అన్న మాట ఆ ఫైలులో ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను, నువ్వు నా ఉత్తరం చదివినట్టు.

ఆరు నెలలు ఆగితే ఆదిలాబాద్ ఉద్యోగం పోయేది. నాకు అర్థమైంది. ఆ ఆరు నెలల కోసం నా ఆరేళ్లు తీసుకున్నావు. అడిగి తీసుకున్నా బాధ ఉండేది కాదు. "కాకా, తప్పు నాదే, ఉద్యోగం పోతుంది, నా కోసం అబద్ధం రాయి" అని ఒక్క ముక్క రాసి ఉంటే, అప్పుడూ సంతకం పెట్టేవాణ్ణి. అంత పిచ్చి ఉండేది నాకు నీ మీద. నువ్వు అంత కూడా నమ్మలేదు.

నీ ఉత్తరాలన్నీ నా సంచిలోనే ఉన్నాయి. బయలుదేరేటప్పుడు కనకవ్వ పెట్టింది. "ఎవలు రాయించిన్రో సూపెట్టి రా" అంది. చూపించలేదు. ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడిగితే లేదన్నాను. టైపు ఎవరు చేశారంటే మంచిర్యాలలో డబ్బులిచ్చి చేయించానన్నాను. అది రెండో అబద్ధం. సారు నా మొహం చూసి, "అప్పుడట్ల రాసినవ్, ఇప్పుడిట్ల అంటున్నవ్. రాయిని నమ్ముతం గనీ నిన్నెట్ల నమ్మాలె?" అన్నాడు. ఎర్ర చీటీలు తీసేయమని అక్కడే చెప్పాడు. రమ థీసిస్ మళ్లీ మొదలవుతుంది. నన్ను మాత్రం గేటు లోపలికి రానివ్వవద్దని వాచ్‌మన్‌కు నా ముందే చెప్పాడు.

రమ బస్టాండ్ దాకా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, నాకు వినబడేటట్టు గట్టిగా, "ఎవల కోసం రాసినవో నాకెర్కనే కాకా. సంతకం పెట్టేటప్పుడు నా ఐదేండ్లు యాదికి రాలేదా?" అంది. బస్సులో అందరూ నా వైపు చూశారు.

ఇక నిన్ను పిలుస్తారు. బాణాలు సరైనవైతే తప్పు ఎక్కడుందో చెప్పమని అడుగుతారు. ఏం చెబుతావో నీ ఇష్టం. నేను వచ్చి నీ పక్కన నిలబడతానని పోయినసారి రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ ఉత్తరాలు నాలుగూ ఈ కవరులో పెట్టాను. ఇంటికి పంపితే మీ నాన్న విప్పుతాడని కాలేజీకి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ప్రేమ కొద్దీ నిన్ను కాపాడుతున్నాననుకోకు. అవి నా ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు సంచిలో వేసుకుని మళ్లీ కరీంనగర్ బస్సు ఎక్కుతాను. నేను అంత మంచివాణ్ణి కాను.

సదానందం